రబియా ఊదని వాన

నల్లగొండ, 11 ఆగస్టు 1962, శనివారం రాత్రి

"మంచిగ వాయించినం అవ్వా" అన్నది మనవరాలు సుగుణ. మంచిగా కాదు, గట్టిగా వాయించారు.

బడి సభలో పిల్లలు పిల్లనగ్రోవులతో, ఒకరిని విని ఒకరు, అప్పటికప్పుడు వాన చప్పుడు కురిపించాలి. తొలి చినుకు సుగుణ తోటి పిల్ల రబియాది. ఆ పిల్ల ఊపిరి తీసుకునేలోపే, ముందు వరుసలో పెద్దమనుషులను చూసి సుగుణ తుఫాను మొదలుపెట్టింది. మిగతావాళ్లూ ఎగబడ్డారు. చప్పట్లు మోగాయి. నాకు రోత పుట్టింది. రబియా ఒక్క స్వరమూ ఊదకుండానే దిగిపోయింది. ఇక వాయించడానికి రానని చెప్పిందట.

"గా పిల్ల జర లేటు చేసింది, నేనేం జేతు?"

"నువ్వాగితే వాన ఎండిపోతుండెనా?" అన్నాను. మూతి ముడుచుకుంది.

రేపు పొద్దున్నే దాన్ని రబియా ఇంటికి పంపాలి. దాని పిల్లనగ్రోవి ఇక్కడే పెట్టించాలి. ఆ పిల్ల తొలి చినుకు వినిపించేదాకా వాళ్ల గడప దగ్గరే కూర్చోమనాలి.