రంగు పూసిన జింకు దిమ్మలు

గాజువాక,
ఆదివారం

పూజ్యుడైన అన్నయ్యకు తమ్ముడు సూరిబాబు నమస్కారాలు. నేను క్షేమం. వదినకు జ్వరం తగ్గిందా? అమ్మ మందు వేళకు వేసుకుంటోందా? మీరంతా బాగున్నారని ఒక్క ముక్క రాస్తే నా దిగులు సగం తీరుతుంది.

ఇక్కడ నాకే లోటూ లేదు, బెంగపెట్టుకోవద్దు. మెస్సులో చారు నీళ్ళలా ఉన్నా కడుపు నిండుతోంది. ఉక్కు ఫ్యాక్టరీ పనులకు జనం వచ్చిపడటంతో గది దొరకడం గగనమైంది. నేనూ రమణా ఒకే గదిలో సర్దుకుంటున్నాం. నేను పనిచేసే షెడ్డుకు రిపేరుకొచ్చే ఇనప బోట్లలో ఒకదానికి అతను ఇంజను డ్రైవరు. ఈ ఊళ్ళో నాకున్న మనిషి అతనొక్కడే. ఉప్పుగాలికి నా ట్రంకుపెట్టె గొళ్ళెం కూడా తుప్పు పట్టింది.

తుప్పు మాటెత్తితేనే ఒళ్ళు మండిపోతోంది అన్నయ్యా!

బోటు అడుగున, నీళ్ళలో మునిగే చోట, జింకు దిమ్మలు బిగిస్తాం. ఎందుకో నువ్వే మాకు క్లాసులో చెప్పావు. ఉప్పునీళ్ళలో ఇనుము తన ఎలక్ట్రాన్లు పోగొట్టుకుంటే తుప్పు. జింకు పక్కనుంటే తన ఎలక్ట్రాన్లు అదే ముందు ఇచ్చుకుంటుంది. అది తరిగిపోతుంది, ఇనుము నిలుస్తుంది. కానీ జింకుకు నీళ్ళు తగలాలి. రంగు పూస్తే ఇక అది ఉన్నా లేనట్టే.

ఆరు నెలల కిందట రమణ బోటును నీళ్ళలోకి దించే రోజు. ఓనరు కుటుంబం పసుపు కుంకుమలతో, కొబ్బరికాయలతో వచ్చింది. కొత్త ఎర్ర రంగు మధ్య బూడిదరంగు దిమ్మలు వెలవెలబోతున్నాయని ఓనరు ముఖం చిట్లించాడు. వాటికీ రంగేయమన్నాడు మా మేస్త్రీ. వద్దని మొత్తుకున్నాను.

"ఏటి బావా, రంగెయ్యకపోతే తుప్పట్టదా? ఆ ఎలట్రాన్లని నువ్వు కంటితో సూసినావేటి?" అన్నాడు మేస్త్రీ. అందరూ పగలబడి నవ్వారు. వెధవలు!

పోయిన వారం నడిసముద్రంలో ప్రొపెల్లరు దగ్గర రేకుకు చిల్లు పడి ఇంజను గదిలోకి నీళ్ళొచ్చాయి. రమణ చిల్లులో గోనెలు కుక్కి, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, ఇంజను ఆగిపోకుండా కాచుకుని బోటును హార్బరుకు చేర్చాడు. ఆరుగురి ప్రాణాలు అన్నయ్యా! బోటును పైకి లాగి గీకి చూస్తే, రంగు కింద జింకు దిమ్మలు కొన్ననాటిలాగే ఉన్నాయి. చుట్టూ ఇనుము జల్లెడైపోయింది.

ఇప్పుడు ఆ సిగ్గులేని మేస్త్రీ, దిమ్మలు నేను సరిగా బిగించలేదని కాగితం రాసి, సంతకం పెట్టమంటున్నాడు. పెట్టకపోతే పని లేదట. చచ్చినా పెట్టను. నిన్న రమణ వచ్చి అతని చొక్కా పట్టుకున్నాడు.

"మా సూరిబాబుని అంటే ఊరుకోను! ఆడు వద్దన్నాడు, నాకు సెప్పినాడు. రంగేసినోడెవుడో సూపించు, ఈ సేత్తోనే సముద్రంలోకి తోసేత్తాను!"

మేస్త్రీ చొక్కా విడిపించుకుని, నావైపు ఓ చూపు చూసి వెళ్ళిపోయాడు. నాకు తల లేవలేదు. మేస్త్రీ మీద కోపం ఒక ఎత్తు, నా మీద నాకు కోపం ఒక ఎత్తు. ఆవేళ అందరూ నవ్వుతుండగా మేస్త్రీ బ్రష్షు నా చేతిలో పెట్టాడు. పని పోతుందని భయపడ్డాను. వద్దన్న సంగతి రమణకు చెప్పాను కానీ, ఆ తరవాతది దాచాను. ప్రొపెల్లరు పక్కన దిమ్మలకు రంగు వేసింది నేనే.

ఇవాళ భోజనాల దగ్గర రమణకు చెబుతాను. రేపు ఓనరుకు చెబుతాను. పని పోతే పోనీ. రమణ ఏమంటాడోననే నా భయమంతా.

అమ్మకూ వదినకూ, వీధిలో పెద్దలందరికీ నా నమస్కారాలు చెప్పు. వాళ్ళ దీవెనలు నాకు కావాలి. నువ్వు మాత్రం దీవించకు అన్నయ్యా, నాలుగు తిట్లు రాయి.

నీ తమ్ముడు,
సూరిబాబు