వంకర మూల తివాచీ

అక్కా,

నువ్వు కులాసా అనుకుంటాను. నేనూ కులాసాయే, కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.

మొన్నామధ్య నువ్వొచ్చినప్పుడు నేను కూరగాయలకి వెళ్ళి వచ్చేలోపు, నేను అల్లుతున్న ఊలు తివాచీ సగం విప్పేసి, శుభ్రంగా ఉండలు చుట్టి పెట్టావు. పైగా “మంచమంత అల్లావేమిటే పిచ్చిదానా! అల్లికంతా వలలా వదులు. లెక్క తప్పావు, మళ్ళీ మొదలెట్టు” అన్నావు. చిన్నప్పట్నుంచీ ఇదే వరస. నేను అల్లింది స్వెటరైనా మఫ్లరైనా, కంటపడితే చాలు, నీ వేళ్ళు ఊరుకోవు.

నేను లెక్క తప్పలేదక్కా. వేడినీళ్ళలో తిప్పితే ఊలు ముడుచుకుపోయి గట్టిపడుతుంది. అందుకే కావాలని అంత పెద్దగా, అంత వదులుగా అల్లాను. చెప్పబోతే విన్నావా?

మళ్ళీ అల్లాను. ఈసారి ఇంకా వదులుగా. నిన్న వాషింగ్ మెషిన్‌లో పడేసి బాగా వేడినీళ్ళతో తిప్పాను. మెషిన్ గోవిందా అని మీ మరిది ఒకటే గోల. తీసి చూస్తే పోగులన్నీ ఒకదాన్నొకటి కరుచుకుని కంబళిలా అయిపోయాయి. సోఫా ముందు కొలిచినట్టు సరిపోయింది. ఒక మూల మాత్రం వంకర పోయింది. పోనీ.

ఆదివారం రా. ఆ వంకర మూల నువ్వు కూర్చునే వైపే పరిచాను. ఎంత వెతికినా పోగు కొస దొరకదు, కత్తెరతో కోసినా ఊడిరాదు. వేళ్ళు ఊరుకోకపోతే టీ కప్పు ఇస్తాను, పట్టుకు కూర్చో.

నీ చెల్లెలు