గుండెకు నాలుగు గదులు

మే 20, 1963. సోమవారం. బందరు.

ఇవాళ్టినుంచి నేను చదువుకునే మనిషిని!

మేట్రన్ అన్నమ్మగారు పిలిచి చెప్పారు. "మాణిక్యమ్మా, చిన్న నర్సుల్లోంచి ఇద్దరిని పెద్ద కోర్సుకి తీసుకుంటారు. జూలై 22న డాక్టరుగారే ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతారు. డ్యూటీ మాత్రం ఒక్క పూట కూడా తగ్గించను. చదువుతావా?"

చదువుతానన్నాను. నాకు ముప్పై నాలుగేళ్ళు. ముప్పై అయిదు దాటితే ఇక పిలవరు.

పదకొండేళ్ళుగా పురుళ్ళు పోస్తున్నాను. బాలింత కళ్ళు తెరిచి "సిస్టరుగారూ!" అంటుంది. పక్కనే ఉన్న నన్ను చూసి కాదు, గుమ్మంలో టోపీ పెట్టుకుని నిలబడ్డ పెద్ద నర్సు విజయకుమారిని చూసి. నన్నయితే "ఏవమ్మాయ్, కాసిని మంచినీళ్ళు" అంటుంది. ఒక్కసారి నన్నూ సిస్టరుగారూ అంటే వినాలని ఉంది. అంతే నా కోరిక.

తీర్మానాలు: నాలుగింటికి లేవడం. మధ్యాహ్నం నిద్ర లేదు. వార్డులో కబుర్లు లేవు. సినిమాలు అసలే లేవు.

మా ఆయన ఏసుబాబుగారు కోనేరు సెంటర్లో దర్జీ. సంగతి వినగానే నాకో టోపీ కుట్టేసి, గంజి పెట్టి, మేకుకి తగిలించారు. "ముందు పాసవనివ్వండి" అన్నాను. "టోపీ సిద్ధంగా ఉంటే తల దానంతటదే వస్తుంది" అన్నారు.

మే 21

నాలుగింటికి లేచాను. విజయకుమారి ఇచ్చిన పుస్తకం తెరిచాను. చేతి ఎముకలన్నీ వచ్చేశాయి. ఇంత సులువని తెలిస్తే ఎప్పుడో పెద్ద నర్సునయ్యేదాన్ని.

మే 24

ఆరున్నరకి లేచాను. నిన్న మూడు పురుళ్ళు, అందులో ఒకటి కవలలు. చదువు మధ్యాహ్నానికి మార్చాను. తెల్లవారుజామున చదివితే కళ్ళకి మంచిది కాదట.

మే 29

మధ్యాహ్నం. రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండలో నా బుర్ర ఎంత? కాలి ఎముకల మీద తల పెట్టి రెండు గంటలు నిద్రపోయాను. చేతి ఎముకలు కూడా మర్చిపోయాను.

వానలు పడ్డాక చదువుతాను. అప్పుడు బాగా ఎక్కుతుంది.

జూన్ 9. ఆదివారం.

దొరికింది! చర్చిలో పాడుతుంటే తట్టింది. ఎప్పుడూ కూర్చుని బట్టీ పట్టింది లేదు, అయినా కీర్తనలన్నీ నోటికి వస్తాయి. అంటే నా బుర్రకి పుస్తకం పడదు, పాట పడుతుంది. ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా కట్టేశాను.

గుండెకు నాలుగు గదులమ్మా
కుడివైపు చెడ్డ నెత్తురమ్మా
ఊపిరితిత్తుల కెళ్ళొస్తే
ఎడమకు ఎర్రగ చేరునమ్మా

సాయంత్రానికి ఆయన కూడా మిషను తొక్కుతూ ఇదే పాడుతున్నారు. పుస్తకంతో పని లేదిక.

జూన్ 30. ఆదివారం.

అత్తగారి ఊరు వచ్చాను, అవనిగడ్డ దగ్గర. మా అత్త జ్ఞానమ్మగారి పాకలో ఆడవాళ్ళ ప్రార్థన. ఇక్కడి పద్ధతేమిటంటే, చదువొచ్చిన మనిషి ఒక చరణం అందిస్తే మిగతావాళ్ళు అందుకుంటారు. ఇచ్చింది పుచ్చుకోవడమే తప్ప ఇదేమిటని అడగరు.

"బందరు కోడలా, ఓ పాటందుకో" అంది పక్కింటి పోలమ్మత్త.

మూడు వారాలుగా నోట్లో నానుతున్నదే వచ్చేసింది. గుండెకు నాలుగు గదులమ్మా అన్నాను. పాకంతా గుండెకు నాలుగు గదులమ్మా అంది. మధ్యలో ఆపితే తప్పు, పాడితే ఇంకా తప్పు. పాడేశాను.

కళ్ళు మూసుకుని విన్న పాస్టరు సత్యవేదంగారు మెల్లిగా అన్నారు, "గుండె చేసినవాడూ ఆయనే కదమ్మా. ఇంకోసారి అందుకో."

ఇక చూసుకోండి! ఆదివారం బడిలో పిల్లలకి నేర్పినట్టు చేతులతో సహా నేర్పాను. నేను వాళ్ళకి ఎదురుగా నిలబడ్డాను కదా, నన్ను చూసి చేసేవాళ్ళకి తికమక ఉండకూడదని, నోటితో కుడి అంటూ నా ఎడమ చెయ్యి ఎత్తాను. అద్దంలో చూసినట్టు వాళ్ళంతా సరిగ్గా కుడి చెయ్యి ఎత్తారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇవాళ్టి చదువు: పాట, పొద్దుగూకేదాకా.

జూలై 7. ఆదివారం.

మళ్ళీ ఊరు. చదువు కోసమే వచ్చాను. పీతల కూర కోసం కాదు.

అందరూ పాట మళ్ళీ కావాలన్నారు. కుడి అంటూ ఎడమ చెయ్యి, ఎడమ అంటూ కుడి చెయ్యి. ఇప్పుడు ఆలోచించక్కర్లేదు, చేతులు వాటంతటవే లేస్తున్నాయి.

జూలై 15

పుస్తకం కనపడలేదు. ఇల్లంతా వెతికాను. మిషను ఊగుతోందని ఆయన దాని కాలి కింద పెట్టారు. తీస్తే సీతారామయ్యగారి చొక్కా కుట్టు వంకరపోతుందట. పోనీలెమ్మని వదిలేశాను. టోపీలో మా అత్తగారు పంపిన నిమ్మకాయలున్నాయి.

జూలై 22. సోమవారం.

పరీక్ష.

డాక్టరు భుజంగరావుగారు ముందు ఎముకలడిగారు. రెండే చెప్పగలిగాను. తర్వాత గుండె అన్నారు. నా ప్రాణం లేచొచ్చింది.

"చెడ్డ నెత్తురు ఏ వైపుంటుందో చెప్పి, నీ గుండె మీదే చూపించు."

"కుడివైపండీ" అన్నాను. చెయ్యి ఎడమవైపు చూపించింది.

"మళ్ళీ చూపించు."

"కుడివైపండీ." మళ్ళీ ఎడమే.

ఆయన కళ్ళజోడు తీశారు. "నోరొకటి చెబుతోంది, చెయ్యొకటి చూపిస్తోంది. దేన్ని నమ్మమంటావమ్మా?"

"చెయ్యే నమ్మండి" అన్నాను.

అక్కడితో అయిపోయింది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాక నాకే నవ్వొచ్చింది. ఆ తర్వాత ఏడుపొచ్చింది, చాలాసేపు. "జనవరిలో ఇంకోసారి ఉంది. నీకు అదే ఆఖరు" అన్నారు అన్నమ్మగారు.

జూలై 27. శనివారం.

ఎవరికీ మొహం చూపించాలని లేక ఊరొచ్చాను. బస్సు దిగి గట్టు మీద నడుస్తుంటే శివరామయ్యగారి చేలో నాట్లు. ఆడవాళ్ళంతా వరసగా వంగి, వెనక్కి నడుస్తూ పాడుతున్నారు.

గుండెకు నాలుగు గదులమ్మా.

పోలమ్మత్త అందిస్తోంది, చేనంతా అందుకుంటోంది. నారుకట్ట ఎడమ చేతిలో, నాటేది కుడి చేత్తో. కుడివైపు చెడ్డ నెత్తురమ్మా అన్నప్పుడల్లా అందరి కుడి చేతులూ ఒక్కసారే బురదలోకి. ఒక్కరూ తప్పలేదు. నేను గట్టు మీద నిలబడి మళ్ళీ ఏడ్చాను.

"ఏంటమ్మా ఏడుస్తన్నావ్?" అంది పోలమ్మత్త నడుం ఎత్తి.

"పరీక్ష పోయిందత్తా."

"పోతే? మడిలో నారు చస్తే మళ్ళీ నాటుకోమా ఏంటి? దిగు, సిస్టరుగారూ, దిగు. ఈ పాటయిపోవచ్చింది, ఇంకోటందుకో."

సిస్టరుగారూ అంది. అలవోకగా, పిలవడం అలవాటయినట్టే అంది.

చీర ఎగదోపి బురదలోకి దిగాను. ఈసారి ఎదురుగా నిలబడలేదు. వాళ్ళ పక్కన, వాళ్ళు చూస్తున్న వైపే తిరిగి నిలబడ్డాను. ఎడమ చేతిలో నారు, కుడి చేత్తో నాటు. భుజం దగ్గర్నించి మొదలుపెట్టి, చేతి ఎముకల పాట అక్కడికక్కడే కట్టాను. వేళ్ళ దాకా వచ్చేసరికి మడి అయిపోయింది.

తీర్మానాలు: టోపీలోంచి నిమ్మకాయలు తీసి మళ్ళీ గంజి పెట్టించాలి. మిషను కింద పుస్తకం తీసి ఇటుక పెట్టాలి. నాలుగింటికి లేవాలి. రేపు ఆదివారం, పైగా నడుం విరిగిపోతోంది.

ఎల్లుండినుంచి.