మాట వస్తున్నది, బొమ్మ వస్తలేదు

14 సెప్టెంబర్ 2011, బుధవారం

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె, రెండో రోజు. కోరుట్ల నుంచి అస్లం ఫోన్ చేశాడు. అతనికి అక్కడ ఫొటో స్టూడియో ఉంది. కాకా, మాట వస్తున్నది గని బొమ్మ వస్తలేదు అన్నాడు.

ఎవరి మాట అని అడగలేదు. నాదే.

15 సెప్టెంబర్

నిన్నటి నుంచి కాలు ఒక్క చోట నిలవడం లేదు. రాస్తే నిలుస్తుందేమో. మనుషుల ముందు నాకు మాట పెగలదు. కాగితం ఎదురు అడగదు.

మహిపాల్ మాకు ఒక్కడే కొడుకు. పెళ్లి కాలేదు. దుబాయి క్యాంపులో గదికి ఎనిమిది మంది, పొయ్యి ఒకటి. పోయిన ఏడు ఆ పొయ్యి వంతు దగ్గర సిరిసిల్ల మల్లేశంతో గొడవ పడ్డాడు. మల్లేశం చేతికి అందిన కుక్కర్‌తో కొట్టాడు. మూడు దెబ్బలు. మహిపాల్ పెట్టెలో వచ్చాడు. మల్లేశానికి అక్కడి కోర్టు ఉరిశిక్ష వేసింది. చచ్చిపోయినవాడి తల్లిదండ్రులు మాఫ్ చేస్తే ప్రాణం దక్కుతుందట.

జులైలో మల్లేశం భార్య నవనీత కులపెద్దలతో వచ్చింది. పెద్దలు మాట్లాడారు. ఆమె మాట్లాడలేదు. లోపలికి రమ్మన్నా రాలేదు. పొద్దుగూకేదాకా వాకిట్లోనే కూర్చుంది. పైసల మాట ఎత్తొద్దు అన్నాను. తర్వాత మాఫ్‌కు సరే అన్నాను.

కోరుట్ల పోయి కాగితాల మీద నేను సంతకం పెట్టాను. నా భార్య బాలలక్ష్మి వేలిముద్ర వేసింది. బలవంతం లేదని జడ్జికి కనబడాలంటూ దుబాయి వకీలు వీడియో కూడా అడిగాడు. అస్లం తీశాడు. లైట్లు కళ్లలో పడ్డాయి. చెప్పులు చూసుకుంటూ చెప్పాను. నా కొడుకును చంపిన మల్లేశాన్ని మాఫ్ చేస్తున్న, అని.

అస్లం చేతికి పెళ్లిళ్లే అలవాటు. సీడీ వేస్తే ముందు వినాయకుడు గుండ్రంగా తిరిగాడు. తర్వాత నా పేరు ఎర్ర అక్షరాల్లో. నా మొహం చుట్టూ తామర రేకులు. వెనక సన్నాయి. చివర గులాబీలు రాలాయి. అదే దుబాయి పోయింది. ఇది సినిమా లెక్క ఉన్నది, కోర్టు నమ్మదు, కోత పెట్టని అసలు రికార్డు అక్టోబర్ ఇరవై లోపల పంపాలి అని వకీలు తిప్పి పంపాడు. పూలెందుకు పెట్టావని అడిగితే, పెండ్లి కాకపోయినా శుభకార్యమే గద కాకా అన్నాడు అస్లం.

నన్ను తీసిన కెమెరా క్యాసెట్ మీద అతను ఇంకో పెళ్లి తీశాడు. అసలు రికార్డు కంప్యూటర్లోనే మిగిలింది. ఆగస్టులో వైరస్ వచ్చిందని పాత విండోస్ ఎక్స్‌పీ తీయించి విండోస్ సెవెన్ వేయించాడు. అప్పటినుంచి ఈ గతి.

17 సెప్టెంబర్

కోరుట్ల పోయాను. షాపులన్నీ బంద్. అస్లం షట్టర్ సగం లేపి నన్ను లోపలికి లాగాడు.

ఫైల్ ఉంది. నొక్కితే నల్ల తెర. ఆ నలుపులోంచి నా గొంతు. ఎవరో ముసలాయన బాయిలోంచి మాట్లాడినట్టు ఉంది. ఒక ప్లేయర్‌లో చూశాడు. ఇంకో ప్లేయర్‌లో చూశాడు. బొమ్మను విప్పే కోడెక్ అట, దించాడు, ఎక్కించాడు, కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాడు. ప్రతిసారీ నేను మాఫ్ చేస్తూనే ఉన్నాను. ఆరోసారి లేచి బయటికి పోయాను. ఏడోసారి కరెంటు పోయింది. సింగరేణిలో బొగ్గు ఆగింది, ఇక గింతే అన్నాడు.

ఇదంతా ఎందుకు కాకా, మళ్లొకసారి తీద్దాం, పది నిమిషాల పని అన్నాడు.

తల అడ్డంగా ఊపాను. ఆ మాట అనడానికి నాకు ఏడాది పట్టింది. అన్ననాటి నుంచి అన్నం రుచి తెలియడం లేదు. రెండోసారి నోట రాదు. వస్తుందో, అసలు ఇష్టమే ఉందో, అదీ తెలియడం లేదు. పాత మాట దొరికితేనే మల్లేశం బతుకుతాడు.

19 సెప్టెంబర్

బస్సులు కూడా బంద్.

22 సెప్టెంబర్

అస్లం బండి మీద జగిత్యాల. హార్డ్ డిస్క్‌ను తువ్వాలలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. దారిలో రోడ్డు మీద వంటావార్పు. అడ్డంగా పొయ్యిలు పెట్టారు. బండి ఆపి దింపారు. మూటల ఏముంది తాతా, బాంబా అని ఒకడు. తినకుంట పోతే తెలంగాణ రాదు, కూసో అని ఇంకొకడు. కూర్చున్నాను. పప్పన్నం పెట్టారు. ఎడమ చేత్తో మూట పట్టుకొనే తిన్నాను.

కంప్యూటర్ షాపాయన అరగంట చూశాడు. తప్పు విండోస్‌ది కాదు అన్నాడు. నీ క్యాప్చర్ కార్డు కెమెరాల బొమ్మను తన సొంత పద్ధతిల దాస్తది, గది చదివే సాఫ్ట్‌వేర్ ఎక్స్‌పీకే ఉన్నది, సెవెన్‌కు ఆ కంపెనీ చెయ్యనే లేదు. మాట మామూలు పద్ధతిల ఉన్నది, అందుకే ఇనవడుతున్నది. ఇదే కార్డు, ఇదే ఎక్స్‌పీ ఎవరి దగ్గరన్న ఉంటే పది నిమిషాల్ల బొమ్మ వస్తది అన్నాడు.

అస్లం తల గోక్కున్నాడు. సిరిసిల్లల స్టూడియో మొండయ్య దగ్గర ఉన్నది, వాడు ఏదీ మార్చడు అన్నాడు. సంతోషంగా అన్నట్టు లేదు.

26 సెప్టెంబర్

నవనీత రోజూ ఫోన్ చేస్తుంది. బాపూ, బొమ్మ వచ్చిందా అంటుంది. లేదు బిడ్డా అంటాను. పెట్టేస్తుంది. మా మధ్య అంతకన్నా మాటలు లేవు.

29 సెప్టెంబర్

అస్లం మళ్లీ అదే పాట. కొత్తగా తీద్దాం, ఈసారి పూలు పెట్టను, అల్లా మీద ఒట్టు అంటాడు. నా కళ్లలోకి చూడడు. సిరిసిల్లకు ఎప్పుడంటే పెట్రోల్ లేదంటాడు, ధర్నా అంటాడు, అక్తర్ బేగానికి జ్వరమంటాడు. అక్తర్ బేగం అతని తల్లి. చాయ్ తెచ్చి ఇచ్చింది. బాగానే ఉంది.

3 అక్టోబర్

వాకిలి మూడుసార్లు ఊడ్చాను. నాలుగోసారి బాలలక్ష్మి చీపురు గుంజుకుంది. మహిపాల్ బాపూ, మట్టి కూడ పోతది అన్నది.

6 అక్టోబర్

దసరా. జమ్మి ఆకు పట్టుకొని ఎవరింటికీ పోలేదు.

9 అక్టోబర్, ఆదివారం

అస్లం తీసుకుపోకపోతే నేనే పోతానని హార్డ్ డిస్క్ అడిగాను. అంత మాట నా నోట వస్తుందని అతను అనుకోలేదు. బండి తీశాడు.

సిరిసిల్లలో కరెంటు లేదు. మరమగ్గాల సాంచాలు ఆగి ఉన్నాయి. ఆ వీధుల్లో మా మాటే మాకు గట్టిగా వినబడింది. మొండయ్య స్టూడియో మెట్ల మీద నవనీత కూర్చొని ఉంది. రెండు గంటలకు కరెంటు వచ్చింది. ఒక్కసారిగా ఊరంతా టకటకమంది. మొండయ్య పరుగెత్తి కంప్యూటర్ పెట్టాడు. కరెంటు గంటే ఇస్తరు, జల్ది అన్నాడు.

బొమ్మ వచ్చింది.

స్టూడియో సోఫా. నేను. తల వంచుకొని ఉన్నాను. పక్కన బాలలక్ష్మి. నేను మాట్లాడుతున్నాను. ఆమె తల అడ్డంగా ఊపుతున్నది. మెల్లగా. ఒక్కసారి కాదు. నేను మొదలుపెట్టిన దగ్గర నుంచి ఆపేదాకా. మాఫ్ అన్నప్పుడు కూడా.

మొండయ్య మౌస్ వదిలేశాడు.

నాకు ఎరుకే కాకా, సీడీ మిక్సింగ్‌ల చూసిన అన్నాడు అస్లం. అందుకే నీ మొహం దగ్గరికి గుంజి సుట్టూ తామర పెట్టిన. చెప్పబుద్ధి కాలే.

మొండయ్య ఆమె కనబడకుంట కోసేద్దామా అన్నాడు. కోస్తే మళ్ల కోసిండ్రనే అంటరు అన్నాడు అస్లం. పంపితే తల్లి ఒప్పుకోలేదని జడ్జికి కనబడుతుంది. పంపకపోతే ఏమీ లేదు. ఇంకా పదకొండు రోజులు.

నవనీత గోడకు ఆనుకుంది. మహిపాల్ అవ్వను నేను అడగనే లేదు బాపూ అన్నది. ఆ దినం నీ దిక్కే చూసుకుంట కూసున్న.

10 అక్టోబర్

బాలలక్ష్మి బియ్యంలో రాళ్లు ఏరుతున్నది. ఎదురుగా కూర్చున్నాను. బొమ్మ వచ్చింది అన్నాను. చాట ఆపలేదు. చూసినవా అన్నది.

నాతో చెప్పొచ్చు గదా అన్నాను.

నన్నెవరు అడిగిండ్రు అన్నది. నువ్వు వాకిట్ల మాటిచ్చినంక నన్ను ఆటో ఎక్కించినవ్. వేలు పెట్టుమన్నరు, పెట్టిన. పుట్టినకాంచి నోరు తెరవని మనిషివి, ఒక్కనాడు పదిమందిల తెరిచినవ్. అడ్డమెట్ల వస్త. తల నా మాట ఇనలే.

మల్లేశం చావాలా అని అడిగాను. ఈ ఇంట్లో ఆ మాట పైకి అనడం ఇదే మొదలు.

చాటలో రాయి ఏరి పారేసి అన్నది. వాడు నాతోని మాట్లాడాలె. మీరందరు మీలో మీరే మాట్లాడుకున్నరు.

14 అక్టోబర్, శుక్రవారం

శుక్రవారం జైలు నుంచి ఫోన్ చేయనిస్తారు. నవనీత పొద్దున్నే బయలుదేరి రెండు ఆటోలు, ఒక ట్రాక్టర్ మారి వచ్చింది. ఈసారి బాలలక్ష్మి ఆమెను చెయ్యి పట్టి లోపలికి తెచ్చింది. ముగ్గురం ఫోన్ మధ్యలో పెట్టుకొని కూర్చున్నాం.

పదకొండున్నరకు మోగింది. నవనీత స్పీకర్ పెట్టింది. అవ్వ ఉన్నది, మాట్లాడు అన్నది. అటు నుంచి ఏడుపు. మాట లేదు. ఆగడు.

ఏడుపు తర్వాత ఏడుద్దువు, ఫోన్ కార్డు అయిపోతది, చెప్పు అన్నది బాలలక్ష్మి.

చెప్పాడు. పద్నాలుగు గంటల డ్యూటీ చేసి వచ్చాడట. పొయ్యి మీద మల్లేశం గిన్నె దించి మహిపాల్ తన కుక్కర్ పెట్టాడట. మాటా మాటా పెరిగింది. మహిపాల్ మల్లేశం తల్లిని తిట్టాడట. చేతికి అదే దొరికింది. అవ్వా, నాకు కండ్లు కనవడలే అన్నాడు.

మొదటిది కోపంల కొట్టినవ్ అన్నది బాలలక్ష్మి. రెండోది కూడ కోపమే అనుకుందాం. మూడోది ఎందుకు కొట్టినవ్. అప్పటికి వాడు కింద పడ్డడు గద.

నవనీత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఫోన్ కట్ అయిందేమో అనుకున్నాను.

తెల్వది అవ్వా అన్నాడు. రోజు గదే అడుక్కుంట. తెల్వది.

అప్పుడు కార్డు అయిపోయింది.

బాలలక్ష్మి లేచి నీళ్లు తాగింది. అబద్ధం చెప్పలే అన్నది, మాతో కాదు. నవనీతకు అన్నం పెట్టింది. నవనీత తిన్నది.

16 అక్టోబర్

బాలలక్ష్మి ఏమీ చెప్పదు. అడగాలని నోటిదాకా వస్తుంది. అడిగి ఒప్పిస్తే మళ్లీ నా మాటే అవుతుంది. ఊరి చివరి తాటిచెట్లదాకా పోయి వచ్చాను, రెండుసార్లు. ఇంకా నాలుగు రోజులే.

17 అక్టోబర్

చీర మార్చుకొని వచ్చి, కోరుట్లకు పోదాం పా అన్నది.

అస్లం కెమెరా ముందు ఆమె ఒక్కతే కూర్చుంది. నన్ను పిలవలేదు. నేను కెమెరా వెనక నిలబడ్డాను. ఆమె కళ్లు ఆర్పకుండా చెప్పింది. ఆ వీడియో చూసి రాస్తున్నాను, ఒక్క మాట తప్పకుండా.

నేను మహిపాల్ తల్లిని. మూడో దెబ్బను నేను మాఫ్ చెయ్య. ఎవరు బతిలాడినా చెయ్య. గని మల్లేశానికి ఉరి వద్దు. ఇంకొక తల్లికి పెట్టె రావద్దు. ఎన్నేండ్లకు ఇడిచిపెట్టినా ముందుగాల మా ఇంటికి రావాలె. సిరిసిల్లకు తర్వాత పోవాలె. గిదే నా మాట.

అస్లం చెమట తుడుచుకున్నాడు. అమ్మా, మాఫ్ చేసిన అన్న మాట కోర్టుకు కావాలె, నువ్వు చెయ్య అంటివి, ఒక్కసారి మళ్ల అను అని అడిగాడు. మళ్లీ అనను అన్నది. అతను నా వైపు చూశాడు. జగిత్యాల నుంచి సిరిసిల్లదాకా తిరిగింది ఒక మాట కోసం. ఇప్పుడు ఆ మాట లేని వీడియో. దీంతో ఉరి తప్పుతుందో, ఇంకా బిగుస్తుందో చెప్పేవాళ్లు లేరు.

పంపు అన్నాను.

కొత్త విండోస్‌లో పెట్టి చూశాడు. పక్క షాపు ఎక్స్‌పీలో పెట్టి చూశాడు. మాట వచ్చింది. బొమ్మ వచ్చింది. పూలు లేవు.

20 అక్టోబర్

ఫోన్ లేదు.

24 అక్టోబర్

సమ్మె ఆపేశారు. ఊరి మీదికి బస్సు వచ్చింది. దుబాయి నుంచి ఫోన్ లేదు.

12 నవంబర్

వకీలు ఫోన్. ఉరిశిక్ష రద్దు చేశారు. జైలు ఎన్నేళ్లో తర్వాత చెబుతారట. నవనీతకు చెప్పాను. బాలలక్ష్మికి చెప్పాను.

ఆమె పొయ్యిలో కట్టె ఎగదోసింది. తర్వాత అడిగింది, సిరిసిల్లోళ్లు కారం ఎక్కువ తింటరా అని.

తెలియదన్నాను.