చెప్పుల దగ్గర కాపలా

జనగామ, హాస్టల్

బాపూ,

నీకూ, ఆ మంచులో నీతో ఉన్న అంకుళ్లందరికీ నా వందనాలు. ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో అయితే "సిగ్నల్ సరిగ్గ లేదు బిడ్డా" అని తప్పించుకుంటావు. ఉత్తరానికి సిగ్నల్ అక్కర్లేదు, పూర్తిగా చదవాల్సిందే.

ఈస్టర్ ఆదివారం నేను బాప్తిస్మం తీసుకుంటున్నాను. స్టేషన్ ఘన్‌పూర్ చర్చిలో పాస్టరు అయ్యగారికి పేరు ఇచ్చేశాను. ఇది పర్మిషన్ అడగడం కాదు, హవల్దార్ బీక్యాగారికి సమాచారం ఇవ్వడం. పోయినేడు అడిగితే "జర ఆగు, నేనొచ్చినంక చూద్దాం" అన్నావు. క్రిస్మస్‌కు అడిగినా అదే మాట. నీ లీవు కోసం దేవుణ్ణి ఇంకెన్నాళ్లు నిలబెట్టను?

అసలు నాకు ప్రార్థన నేర్పింది నువ్వే. కంటోన్మెంట్ క్వార్టర్లో మనకు సాయంత్రం ప్రార్థన అంటే రోల్‌కాల్. అమ్మా నేనూ వరసలో నిలబడాలి. ఆమెన్ అయ్యాక నువ్వు పరేడ్‌లో లాగా "విశ్రాం" అంటే గానీ కదలకూడదు. ఆ మాట కూడా బైబిల్లోదే అనుకున్నాను. సెలవులకు అమ్మమ్మ వాళ్లింటికి వచ్చినప్పుడు, చర్చిలో అయ్యగారు ఆమెన్ అనగానే నేను గొంతు చించుకుని "విశ్రాం!" అని అరిచాను. అందరూ నవ్వారు. అమ్మ సిగ్గుతో తలెత్తలేదు. నువ్వు మాత్రం అలవాటు కొద్దీ కాళ్లు ఎడంగా జరిపి, చేతులు వెనక్కి కట్టుకున్నావు.

ఇప్పటికీ నేను అటెన్షన్‌లోనే ప్రార్థన చేస్తాను. మా రూమ్మేట్ అలేఖ్యది భూపాలపల్లి. మొదటి రోజు నన్ను చూసి బిత్తరపోయి, "ఏందే, మీ దేవుడు కర్నలా?" అంది. ఇప్పుడు నా ప్రార్థన అయ్యేదాకా తను పాటలు ఆపేస్తుంది.

ఇక అసలు సంగతి. చర్చిలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే వేళకు నువ్వు లేచి బయటికి పోతావు. బాప్తిస్మం తీసుకున్నవాళ్లకే ఇస్తారు కాబట్టి నాకు ఇవ్వరు. అయినా నేను లోపలే కూర్చుంటాను. నువ్వు గుమ్మం బయట చెప్పుల పక్కన నిలబడతావు. చిన్నప్పుడు "మా బాపు చెప్పులకు కాపలా కాస్తుండు" అని అందరికీ గొప్పగా చెప్పేదాన్ని. పెద్దయ్యాక అట్లా చెప్పడం మానేశాను. మా పక్కన కూర్చోవడం నీకు నామోషీ ఏమో, అమ్మ కోసమే ఇదంతా సర్దుకుపోతున్నావేమో అనిపించేది. నన్ను ఆగమన్నదీ అందుకేనేమోనని చాలా ఏడ్చాను బాపూ. అమ్మను అడిగితే "మీ బాపునే అడుగు" అంది. అడుగుతున్నాను. ఎందుకు బయటికి పోతావు?

వీలైతే రా. రాకపోయినా నేను నీళ్లలోకి దిగుతాను. కాళ్లు వణకవు, నువ్వు పెంచిన కాళ్లు కదా.

నీ కెజియా

*

కెజియా బిడ్డకు,

నీ సమాచారం అందింది. కర్నల్ మాట చదివి వినిపిస్తే ఇక్కడ అందరూ పడీ పడీ నవ్వారు. మిగిలిందంతా ఒక్కణ్ణే కూర్చుని చదువుకున్నాను.

నేను బాప్తిస్మం తీసుకోలేదు బిడ్డా. నువ్వు పుట్టకముందే ప్రభువును నమ్ముకున్నాను, కానీ నీళ్లలో మునగలేదు. మీ అమ్మకూ, అయ్యగారికీ ఇది తెలుసు. రొట్టె పళ్లెం నా ముందు నుంచి పోతే, "బాపూ, నువ్వెందుకు తింటలేవు?" అని నువ్వు అడుగుతావని భయం. రోజూ నిన్ను ప్రార్థనకు నిలబెట్టేవాణ్ణి, నీకేం జవాబు చెప్పను? అందుకే చెప్పుల దగ్గర నిలబడ్డాను. అది నీకు ఇంకోలా కనబడుతుందని తట్టలేదు.

మా పెళ్లయిన కొత్తలో మహబూబాబాద్ పక్కన మన తండాకు పోయి మీ నాయనమ్మకు నా నమ్మకం సంగతి చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నా చెయ్యి పట్టుకుని, "నువ్వు ఎవల్నన్న మొక్కుకో కొడుకా. నేను పాణంతోని ఉన్నంత కాలం ఆ నీళ్లల్ల మాత్రం మునగకు. మునిగితే నువ్వు నాకు దూరమైనట్టె అనిపిస్తది" అంది. మాట ఇచ్చాను. ఇచ్చిన మాట మీద ఉండడం తప్ప నాకు వేరే తెలియదు. పోయిన ఎండాకాలం ఆమెను సాగనంపాం. కన్ను మూసే ముందు నా తల నిమిరి, "ఇగ నీ ఇష్టం కొడుకా" అంది.

ఆ తర్వాత కూడా నిన్ను ఆగమన్నానంటే, నీతో కలిసి తీసుకోవాలని ఆశ. ఆ ముక్క చెప్పడానికి సిగ్గేసింది. ఇంత మీసం పెట్టుకుని, భుజాన తువ్వాల వేసుకుని పిల్లల వరసలో ఎట్లా నిలబడాలి అనుకున్నాను. నువ్వు ఎవరి కోసమూ ఆగకుండా పేరు ఇచ్చావని చదివాక నా సిగ్గు నాకే నవ్వులాటగా కనబడింది.

లీవు మంజూరైంది. గుడ్ ఫ్రైడే నాటికి స్టేషన్ ఘన్‌పూర్‌లో బండి దిగుతాను. అయ్యగారికి ఫోన్ చేసి నా పేరు కూడా ఇచ్చాను. సిగ్నల్ బాగానే ఉంది. చర్చి వెనక తొట్టిలోకి ముందు నువ్వు దిగు, నీ వెనక నేను దిగుతాను. ఇన్నేళ్లూ నేను చెప్తే నువ్వు నిలబడ్డావు. ఆ రోజు నువ్వు విశ్రాం అనేదాకా నేను కదలను.

తర్వాత రొట్టె పళ్లెం వచ్చినప్పుడు నీ పక్కనే కూర్చుంటాను. చెప్పులకు కాపలా ఇంకెవరినైనా చూసుకొమ్మని అయ్యగారితో చెప్పు.

మీ బాపు,
బీక్యా