కుట్టు లేచిన బంతులు

ప్రియమైన మీకు,

మీ జట్టుకు వారానికోసారి ఇక్కడి ఆఫీసు నుంచి సామాను వెళ్తుందని, ఆ సంచిలో ఉత్తరం వేయొచ్చని చెప్పి వెళ్లారు కదా, అందుకని రాస్తున్నాను. ఫోన్‌లో అయితే ‘ఊ’, ‘ఆ’ తప్ప నాకేమీ రాదు. నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే నవ్వుకోండి, ఎవరికీ చూపించకండి.

దేశం తరఫున మీ మొదటి మ్యాచ్‌ని బంతుల కార్ఖానాలోనే చూశాం. మేస్త్రీ టీవీ తెచ్చి తోళ్ల బీరువా మీద పెట్టారు. కుట్టేవాళ్లం పదకొండు మందిమీ బంతిని పట్టి ఉంచే చెక్కపట్టు మోకాళ్ల మధ్య బిగించుకుని, రెండు చేతుల్లో రెండు సూదులతో, తలలు మాత్రం పైకెత్తి కూర్చున్నాం. మీరు కనపడగానే పక్కనున్న అక్క నన్ను మోచేత్తో పొడిచింది. “అదుగోనే మీ ఆయన! తలెత్తి చూడు, టీవీలో మనిషి నిన్ను చూడలేడులే!” అందరూ గొల్లుమన్నారు. నేను సూదితో వేలు పొడుచుకున్నాను.

ఇంటికి వెళ్లాక, మీకు వికెట్టు పడలేదని అత్తయ్య గాలిని తిట్టారు. “మావాడు వేసేటప్పుడే వీచాలా దానికి?” అన్నారు.

నాకు మాత్రం ఒకటి అర్థం కాలేదు. మన పెరటి గోడ దగ్గర మీరు వేస్తే బంతి అలిగినట్టు పక్కకు తిరిగిపోయేది. అక్కడ తిన్నగా పోతోందేం?

మీ చొక్కా భుజాల దగ్గర వదులైంది. వేళకు తింటున్నారా?

ఇట్లు,
మీ ఇంటిది

*

ప్రియమైన పెదవి విప్పని పిల్లకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. తప్పులు రెండే. అవీ బాగానే ఉన్నాయి.

బంతి ఎందుకు తిరగడం లేదని నువ్వొక్కదానివే కాదు, అందరూ అడుగుతున్నారు. మన దగ్గర చిన్న మ్యాచ్‌ల్లో నా చేతికి ఎప్పుడూ కొత్త బంతే ఇచ్చేవారు. ఇక్కడ ఐదు రోజుల ఆట. అరవై ఓవర్లు దెబ్బలు తిన్నాక నా వంతు వస్తోంది. అప్పటికి కుట్టు అరిగి తోలులో కలిసిపోతుంది. వేలు ఆనడానికి ఏమీ దొరకదు. సబ్బుబిళ్ల పట్టుకున్నట్టు ఉంటుంది. నాతోపాటు కొత్తగా వచ్చిన ఇంకో స్పిన్నర్ ఉన్నాడు, పందొమ్మిదేళ్లు, అందరూ పొట్టోడు అంటారు. అదే బంతితో వాడు నాలుగు వికెట్లు తీశాడు.

మాకు స్పిన్ నేర్పే పెద్దాయన నా చెయ్యి తిప్పి తిప్పి చూసి ఏమన్నాడో తెలుసా? “వేళ్లు మంచివేరా. కానీ ఎవరో వీటిని గారాబం చేసి చెడగొట్టారు” అన్నాడు. పొట్టోడు పడీపడీ నవ్వాడు.

నువ్వు కుట్టిన బంతులు రెండు పంపించు. అవి నా మాట వింటాయి. వాటితో నాలుగు రోజులు వేస్తే చెయ్యి దారికొస్తుంది. రెండో మ్యాచ్‌లో నన్ను తీసుకోవడం లేదు. మూడోది ఆఖరిది. అప్పటికీ ఇలాగే ఉంటే ఇంటికి పంపేస్తారు. ఒకసారి వెనక్కి పంపిన స్పిన్నర్‌ని మళ్లీ పిలిచినట్టు నేనెక్కడా వినలేదు.

ఇట్లు,
నీ గారాల వేళ్లవాడు

*

ప్రియమైన మీకు,

ఉత్తరం అందింది. ఇక్కడ అందరం క్షేమం. కార్ఖానాలో పని ఎక్కువగా ఉంది. బంతులు ఈ వారం కుదరలేదు. ఏమీ అనుకోవద్దు.

ఇట్లు,
మీ ఇంటిది

*

ప్రియమైన మనిషికి,

సంచి రాగానే పరుగెత్తాను. బంతుల్లేవు, ఉత్తరం చూస్తే నాలుగు ముక్కలు. అత్తాకోడళ్లకు మాటా మాటా వచ్చిందా? నామీద కోపమా? నువ్వు మాట్లాడకపోవడం నాకు అలవాటే. కాగితం మీద కూడా మాట్లాడకపోతే ఎలా?

ఆఖరి మ్యాచ్‌కి ఇంకా పన్నెండు రోజులున్నాయి. వచ్చే సంచిలోనైనా బంతులు పంపు. నాకు ఇంకెవర్నీ అడిగే దారి లేదు.

ఇట్లు,
నీవాడు

*

ప్రియమైన మీకు,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించేశాను. ఎదురుగా ఉంటే ఈ జన్మకు చెప్పలేను. మీరు దూరంగా ఉండబట్టి రాయగలుగుతున్నాను.

మన పెళ్లికి ముందు మీరు ప్రతి శనివారం కార్ఖానాకు వచ్చి, పనికిరావని పక్కన పెట్టిన బంతుల బుట్ట వెతుక్కునేవారు. గుర్తుందా? ఒక శనివారం బుట్ట ఖాళీ. మీరు గుమ్మంలోంచే వెళ్లిపోయారు. ఆ రోజంతా నాకు పని మీద మనసు నిలవలేదు.

మరుసటి వారం నేనొక బంతి కావాలని పాడుచేశాను. దారం గట్టిగా గుంజకుండా ఒక పిసరు వదిలేశాను. కుట్టు అణిగి ఉండాల్సింది కాస్త లేచి నిలబడింది. మేస్త్రీ తడిమి చూసి, “నిద్రపోతూ కుట్టావా?” అని బుట్టలో పడేశారు. మీరు వచ్చి దాన్ని తీసి, వేళ్లతో రెండుసార్లు తిప్పి నవ్వారు. ఆ నవ్వు కోసం వారానికొకటి పాడుచేశాను.

పెళ్లయ్యాక అక్కడితో ఆపి ఉండాల్సింది. కానీ “నువ్వు కుట్టింది నా చేతికి అతుక్కుంటుంది” అని మీరన్నారు. ఇక మానలేకపోయాను. పెరట్లో మీరు వేసినవన్నీ అలాంటివే. కుట్టు కాస్త అరగ్గానే అది దాచేసి కొత్తది ఇచ్చేదాన్ని. రెండేళ్లలో అరిగిన బంతి మీ చేతికి ఒక్కటీ రానివ్వలేదు. మీ పెద్దాయన చెప్పిన ఆ గారాబం చేసింది నేనే.

మీరు అడిగిన బంతులు పంపితే చెయ్యి ఇంకా పాడవుతుంది. పంపకపోతే ఎందుకో చెప్పాలి. అందుకే పోయిన వారం నాలుగు ముక్కలు రాసి ఊరుకున్నాను. ఒక వారం పోగొట్టాను.

ఇప్పుడు మూడు పంపుతున్నాను. దారం గట్టిగా గుంజి, కుట్టును నొక్కే మరలో పెట్టి అణిచి, ఆపైన మన బట్టలుతికే రాయి మీద నాలుగు రోజులు రుద్దాను. “బంతులకు మురికేంటే, అలా ఉతుకుతున్నావు?” అని అత్తయ్య అడిగారు. వీటిని పట్టుకుంటే మీకు నచ్చవు. అయినా వీటితోనే వేయండి.

నామీద కోపం వస్తే ఇంటికొచ్చాక తిట్టండి. కానీ జట్టులో ఉంటూనే తిట్టండి.

ఇట్లు,
మీ వేళ్లను చెడగొట్టినది

*

ప్రియమైన దొంగకు,

మ్యాచ్ ఇందాకే అయిపోయింది. ఓడిపోయాం. టీవీలో చూసే ఉంటావు. చూడనివి రాస్తాను.

నీ మూడు బంతులూ మొదటి రోజు నాకు అస్సలు లొంగలేదు. గదిలో గోడకేసి కొట్టాను కూడా. మూడో రోజు పెద్దాయన ఒకటి తీసుకుని చూసి, “ఇది ఎవరు కుట్టారు?” అన్నాడు. నా భార్య అన్నాను. “ఆమె చెప్పినట్టు విను” అన్నాడు. చూపుడు వేలు ఇంకాస్త వంచి, కుట్టును నమ్ముకోకుండా మణికట్టుతో తిప్పడం నేర్చుకున్నాను. వేలు చిట్లింది. కట్టు కట్టుకుని మళ్లీ వేశాను.

నిన్న డెబ్బై ఓవర్ల బంతి నా చేతికిచ్చారు. మొదటి ఓవర్లో ఎదురుగా ఉన్న బ్యాట్స్‌మన్ మూడు ఫోర్లు కొట్టాడు. రెండో ఓవర్లో అదే మనిషి మళ్లీ ముందుకొచ్చాడు. బంతి మన పెరట్లోలాగే అలిగి పక్కకు తిరిగింది. ఆఫ్ స్టంపు పడిపోయింది. తర్వాత ఇంకొకటి. అంతే, రెండు. పెద్దాయన నా వేళ్లు చూసి, “గారాబం వదిలింది” అన్నాడు. ఇంటికి పంపేవాళ్ల జాబితాలో నా పేరు లేదు.

ఇప్పుడు నా దొంగతనం విను. మూడో శనివారమే మేస్త్రీ నన్ను గేటు దగ్గర ఆపి, “బాబూ, ఆ పిల్ల బంతులు నువ్వొచ్చే రోజునే పాడవుతున్నాయి, చూసుకో” అన్నాడు. నేను మీ బుట్ట దగ్గరికి వచ్చింది కొట్లో మంచి బంతులు దొరక్క కాదు, నీకోసమే! అవి నా వేళ్లకూ అలవాటైపోతాయని మాత్రం నాకు తట్టలేదు. తప్పులో సగం నాది.

పై నెల వస్తున్నాను. వచ్చాక ఒక్క బంతి మాత్రం పాత పద్ధతిలో పాడుచెయ్యి. శనివారం కార్ఖానాకు వస్తాను. మేస్త్రీ తిట్టినా, అక్క నవ్వినా ఈసారి తల దించుకోకు. బుట్టలోంచి తీసి నువ్వే నా చేతికివ్వాలి. ఇస్తూ, ఆ శనివారాల్లో నాతో చెప్పకుండా మింగేసిన ఆ మాటేదో చెప్పు.

ఇట్లు,
శనివారాల మనిషి