కరెంటు లేని రోజు ట్రేస్ ఫైలు

తమ్ముడు ఎలీషాకు,

ఆఫీసు మెయిల్ అందరూ చూస్తారు, ఫోన్‌లో అడిగితే నవ్వేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను.

మన ఆసుపత్రిలో పటమట సర్వర్ ఆగితే, చల్లపల్లిలో నువ్వు చూసే స్టాండ్‌బై సర్వరే రోగుల రికార్డులు అందించాలి. అది సరిగ్గా కాపీ చేసుకుంటోందో లేదో, గంటగంటకీ అది రాసుకునే ట్రేస్ ఫైళ్ళే చెప్తాయి. డిస్క్ నిండిందని నువ్వంటే పాతవి తీసెయ్యమన్నాను. నువ్వు అన్నీ తుడిచేశావేమోనని నా అనుమానం.

నువ్వు పంపిన నెల రోజుల ఫైళ్ళలో ఒక్క ఫిర్యాదూ లేదు. ఏ సర్వరైనా వారానికోసారైనా సణుగుతుంది. పైగా పదకొండో తారీఖు సాయంత్రం ఫోన్ చేసి, "పొద్దుట్నుంచీ కరెంటు లేదన్నయ్యా, జనరేటరూ పాడైంది, సర్వర్ ఆపేసే ఉంది" అన్నది నువ్వే. ఆ రోజు ఫైలు కూడా గంటగంటకీ అంతా సవ్యమేనంటోంది. పాత ఫైలుకి తేదీ మార్చావా?

నిన్ను ఉద్యోగంలో పెట్టించింది నేనని ఇక్కడ అందరికీ తెలుసు. అమ్మకి ఏమీ చెప్పలేదు.

ఆదివారం మరమ్మతుకని పటమట సర్వర్ ఆపుతున్నాం. ఐసీయూలో పద్నాలుగు మంది ఉన్నారు. అసలు ఫైళ్ళుంటే పంపు. లేకపోతే "లేవు" అని ఒక్క ముక్క రాయి, సర్వర్ ఆపకుండా నేను చూసుకుంటాను. దాని కింద మాత్రం అసలు తేదీ వెయ్యి.

అన్నయ్య